చిన్న ఆఫీసులో కంప్యూటర్లు మార్చడానికి బడ్జెట్ ఎలా వేసుకోవాలి? మొదటి లెక్క నుంచి పాత యంత్రం పంపేదాకా

“ఆఫీసులో ఏడెనిమిది కంప్యూటర్లున్నాయి, ఒకదాని తర్వాత ఒకటి మొరాయిస్తున్నాయి. ఏది ముందు మార్చాలి? డబ్బు ఎక్కడి నుంచి తేవాలి?” చాలామంది ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా మొత్తం పద్ధతి ఒకచోట రాస్తే ఉపయోగమనిపించింది.

మూడు నుంచి ఇరవై కంప్యూటర్లున్న ఆఫీసులకు ఇది సరిపోతుంది. కావలసినవి ఒక స్ప్రెడ్‌షీట్, పాత బిల్లులు, ఒక మధ్యాహ్నం. ధరలు ఊరూరికీ, నెలనెలకీ మారతాయి కాబట్టి లెక్కలన్నీ “భాగాల్లో” చెబుతాను. కొత్త డెస్క్‌టాప్ ఒకటి పనికి సిద్ధమై టేబుల్ మీదికి వచ్చేసరికి అయ్యే మొత్తం ఖర్చును 100 భాగాలు అనుకుందాం. మీ దగ్గరి ధర పెట్టుకుంటే మిగతా అంకెలు వాటంతట అవే వచ్చేస్తాయి.

## 1. ముందు ఉన్నవన్నీ రాసుకోండి

జాబితా లేకుండా బడ్జెట్ లేదు. గుర్తున్నది రాస్తే కుదరదు, ప్రతి టేబుల్ దగ్గరికీ వెళ్ళి చూసి రాయాలి. అలా తిరిగినప్పుడే బీరువా వెనక ఎవరూ పట్టించుకోని రౌటర్, బిల్లింగ్ యంత్రం కింద ఉబ్బిపోయిన యూపీఎస్ బ్యాటరీ బయటపడతాయి.

ఒక్కో యంత్రానికి ఒక వరుస. అందులో ఇవి ఉండాలి:

- [ ] మీరు పెట్టుకున్న నంబరు (స్టిక్కర్ మీద రాసి యంత్రానికి అంటించండి)
- [ ] మోడల్, సీరియల్ నంబరు
- [ ] కొన్న నెల, సంవత్సరం. వారంటీ ముగిసే తేదీ
- [ ] ప్రాసెసర్, ర్యామ్, డిస్క్ (హార్డ్ డిస్కా, దానికన్నా వేగమైన ఎస్‌ఎస్‌డీయా)
- [ ] ఆపరేటింగ్ సిస్టమ్, దాని వెర్షన్
- [ ] ఎవరు వాడుతున్నారు, ఏ పనికి
- [ ] ఈ యంత్రం మీదే నడిచే ప్రత్యేక సాఫ్ట్‌వేర్, దాని లైసెన్స్ వివరాలు
- [ ] గత 12 నెలల్లో చేయించిన మరమ్మతులు

బిల్లు పోయిందా? సీరియల్ నంబరుతో తయారీదారు వెబ్‌సైట్‌లో వారంటీ వివరాలు చూడండి. వారంటీ మొదలైన తేదీ దొరికితే వయసు దాదాపుగా తెలిసిపోతుంది.

మానిటర్లు, యూపీఎస్‌లు, ప్రింటర్లు, రౌటర్, స్విచ్, బ్యాకప్ డిస్కులు కూడా ఇదే షీట్‌లో చేర్చండి. వీటిని వదిలేసిన బడ్జెట్ మొదటి ఏడాదిలోనే గాడి తప్పుతుంది.

## 2. దేనికి ఎంత ఆయుష్షో నిర్ణయించండి

లెక్క మొదలుపెట్టడానికి నేను వాడే అంకెలివి. మీ అనుభవాన్ని బట్టి మార్చుకోండి.

- డెస్క్‌టాప్: 5 ఏళ్ళు
- లాప్‌టాప్: 4 ఏళ్ళు (రోజూ బ్యాగులో తిరిగేదైతే 3)
- మానిటర్: 8 ఏళ్ళు
- యూపీఎస్ బ్యాటరీ: 3 ఏళ్ళు
- రౌటర్, బ్యాకప్ డిస్క్: 5 ఏళ్ళు

యంత్రం నడుస్తున్నంత మాత్రాన ఆయుష్షు ఉన్నట్టు కాదు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన రోజున, అది ఎంత బాగా తిరుగుతున్నా, మీ లెక్కలో దాని గడువు అయిపోయినట్టే రాయండి.

విండోస్ 10 సాధారణ వెర్షన్లకు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ముగిశాయి. సంస్థలు డబ్బు కట్టి పొడిగింపు తీసుకోవచ్చు కానీ గరిష్ఠంగా మూడేళ్ళే, పైగా రుసుము ఏటా రెట్టింపవుతుంది. దాన్ని ఒక ఏడాది ఊపిరి పీల్చుకోవడానికి వాడండి, మూడేళ్ళు లాగడానికి కాదు.

విండోస్ 11కి టీపీఎం 2.0 (బోర్డు మీది భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు), కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలోని ప్రాసెసర్ కావాలి. ఇంటెల్‌లో ఎనిమిదో తరం కన్నా పాతవి, కొద్ది మినహాయింపులతో, ఆ జాబితాలో లేవు. “పీసీ హెల్త్ చెక్” అనే ఉచిత ప్రోగ్రామ్ మీ యంత్రం పనికొస్తుందో లేదో చెబుతుంది. టీపీఎం లేదని వస్తే వెంటనే యంత్రాన్ని తీసిపారేయకండి. చాలా బోర్డుల్లో అది ఉంటుంది, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగుల్లో) ఆఫ్ చేసి ఉంటుందంతే. ఇక 4 జీబీ అంటారా, ఇన్‌స్టాల్ అవడానికి అది చాలు. రోజంతా పని చేయాలంటే 8 కన్నా తక్కువ వద్దు, కొత్తది కొంటే 16 తీసుకోండి.

క్రోమ్‌బుక్‌లకు అప్‌డేట్ గడువు తేదీ మోడల్ వారీగా ముందే ప్రకటిస్తారు, ఆ తేదీని నేరుగా షీట్‌లో వేసుకోండి.

## 3. ఏది ముందు, ఏది తర్వాత

వయసు ఒక్కటే చూస్తే తప్పు వరుస వస్తుంది. రిసెప్షన్‌లోని ఆరేళ్ళ యంత్రం ఒక రోజు ఆగినా ఎవరికీ పెద్దగా తేడా పడదు. జీతాలు వేసే నాలుగేళ్ళ యంత్రం నెలాఖరున ఆగితే ఆఫీసు మొత్తానికి టెన్షన్. ఈ ఐదు ప్రశ్నలకు ఒక్కో “అవును”కీ ఒక మార్కు వేయండి:

- [ ] అనుకున్న ఆయుష్షు దాటిందా?
- [ ] సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయా, లేదా ఏడాదిలోపు ఆగుతాయా?
- [ ] ఇది ఒక రోజు ఆగితే డబ్బు రావడమో పోవడమో ఆగుతుందా?
- [ ] 12 నెలల్లో రెండుసార్ల కన్నా ఎక్కువ మరమ్మతు అయిందా?
- [ ] వాడేవాళ్ళ సమయం రోజూ వృథా అవుతోందా?

నాలుగైదు మార్కులు వస్తే ఈ ఏడాదే మార్చాలి. మూడు వస్తే వచ్చే ఏడాది. అంతకన్నా తక్కువైతే ఉండనివ్వండి. అప్‌డేట్లు ఇప్పటికే ఆగిపోయినదానికి మాత్రం మార్కులతో పని లేదు. అది నెట్‌కి కలిసి ఉంటే వరుసలో ముందుకు తెండి.

చివరి ప్రశ్నకు జవాబు ఊహించి రాయొద్దు. ఆ కుర్చీలో కూర్చునేవారినే అడగండి. బటన్ నొక్కినప్పటి నుంచి మొదటి ఫైలు తెరిచేదాకా గడియారం చూసి కొలవండి. రోజుకు 15 నిమిషాలు పోతున్నాయంటే, నెలకు 25 పనిదినాలకు ఆరు గంటల పైమాటే.

నెమ్మదికి కారణం యంత్రమేనా అన్నది కూడా ముందు తేల్చుకోండి. డిస్క్ నిండిపోవడం, రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి నడవడం, ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుని వేడెక్కడం, నెట్‌వర్క్ కేబుల్ పాడవడం, వీటిలో ఏదున్నా మంచి కంప్యూటర్ కూడా ముసలిదానిలా కనిపిస్తుంది. వీటికి కొత్తది కొననక్కర్లేదు.

## 4. బాగు చేయించాలా, అప్‌గ్రేడ్ చేయాలా, కొత్తది కొనాలా?

ఇక్కడ చాలామంది మనసుకు తోచినట్టు నిర్ణయిస్తారు. నేను ఒక చిన్న భాగహారం వేస్తాను: అయ్యే ఖర్చు ÷ దానివల్ల అదనంగా వచ్చే ఏళ్ళు. వచ్చిన అంకెను కొత్త యంత్రం ఏడాది ఖర్చుతో పోల్చాలి. కొత్త డెస్క్‌టాప్ 100 భాగాలు, ఐదేళ్ళు కాబట్టి ఏడాదికి 20.

ఉదాహరణకు, హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్ పెంచడానికి 10 భాగాలై, రెండేళ్ళు కలిసొస్తే ఏడాదికి 5. నిస్సందేహంగా చేయించండి. ఆరేళ్ళ యంత్రానికి మదర్‌బోర్డు మార్చడానికి 35 అడిగి, అది ఏడాది నడుస్తుందంటే ఏడాదికి 35. కొత్తదే నయం.

అప్‌గ్రేడ్‌కి ముందు మూడు విషయాలు చూసుకోవాలి. యంత్రం కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కి పనికొస్తుందా? ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉందా (పల్చటి లాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డు మీదే అతికేస్తారు, మార్చలేరు)? ర్యామ్ ఏ తరానిది? డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 ర్యామ్ పట్టదు.

మామూలుగా ఉన్న లాప్‌టాప్‌లో బ్యాటరీ ఒక్కటే తగ్గితే బ్యాటరీ మార్చండి, చాలు. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేస్తుంటే మాత్రం ఆ రోజే వాడకం ఆపండి. అది బడ్జెట్ కోసం ఆగే విషయం కాదు.

బ్రౌజర్‌తోనే పని అంతా జరిగే యంత్రమైతే లైనక్స్ వేసి ఇంకొన్నేళ్ళు వాడుకోవచ్చు. ముందు ప్రింటర్, స్కానర్ పనిచేస్తున్నాయో లేదో ఒక వారం పరీక్షించాకే పూర్తిగా మారండి.

## 5. అసలు ధర కట్టండి, పెట్టె ధర కాదు

కొటేషన్‌లో ఉన్న అంకె బడ్జెట్ అంకె కాదు. బడ్జెట్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, అందుకే ఇంకాస్త వివరంగా చెబుతాను.

కొత్త యంత్రం వచ్చాక పాత మానిటర్‌కి వీజీఏ మాత్రమే ఉందని, కొత్తదానికి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉన్నాయని తెలుస్తుంది. పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కి కావలసిన ప్యారలల్ పోర్టు కొత్త డెస్క్‌టాప్‌లో ఉండదు. పదేళ్ళనాటి స్కానర్‌కి కొత్త విండోస్ డ్రైవర్ దొరకదు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ పాత యంత్రానికి కట్టుబడి ఉంటుంది. యంత్రంతోపాటే వచ్చిన ఓఈఎం విండోస్ లైసెన్స్ సాధారణంగా ఆ యంత్రంతోనే పోతుంది, విడిగా కొన్న రిటైల్ లైసెన్స్‌నైతే కొత్తదానికి మార్చుకోవచ్చు.

ఒక్కో యంత్రానికి ఇవన్నీ అడిగి రాయండి:

- [ ] యంత్రం ధర, పన్నులతో సహా
- [ ] ఆపరేటింగ్ సిస్టమ్ ధరలో కలిసి ఉందా? వ్యాపారానికి తగిన ఎడిషనేనా?
- [ ] ఆఫీస్ ప్యాకేజీ, యాంటీవైరస్, ప్రత్యేక సాఫ్ట్‌వేర్ బదిలీ రుసుము
- [ ] కేబుళ్ళు, కన్వర్టర్లు, కీబోర్డు, మౌస్
- [ ] వారంటీ పొడిగింపు
- [ ] పాత ఫైళ్ళు మార్చి, ప్రింటర్లు కలిపి సిద్ధం చేసేవారి కూలి
- [ ] ఆ రోజు పని ఆగడం వల్ల పోయే సమయం

అన్నీ కలిపితే పెట్టె ధర 82, మిగతావి 18 అయినా ఆశ్చర్యపోకండి. నేను చెబుతున్న 100 భాగాలంటే ఆ మొత్తం.

నెలనెలా కట్టే సాఫ్ట్‌వేర్ చందాలను మాత్రం ఇందులో కలపొద్దు. అవి యంత్రం మార్చినా మార్చకపోయినా ఉండే ఖర్చు, వేరే పద్దు.

## 6. ఏడాదికి ఎంత, నెలకు ఎంత?

సూత్రం ఒక్కటే: సంఖ్య × మార్చే ఖర్చు ÷ ఆయుష్షు. ఎనిమిది మంది ఉన్న ఒక ఆఫీసును తీసుకుందాం.

- డెస్క్‌టాప్‌లు: 6 × 100 ÷ 5 = 120
- లాప్‌టాప్‌లు: 2 × 120 ÷ 4 = 60
- మానిటర్లు: 6 × 24 ÷ 8 = 18
- యూపీఎస్ బ్యాటరీలు: 6 × 5 ÷ 3 = 10
- రౌటర్, బ్యాకప్ డిస్కులు కలిపి: 60 ÷ 5 = 12

మొత్తం ఏడాదికి 220. అనుకోని నష్టాలకు (నీళ్ళు పడటం, దొంగతనం, కరెంటు దెబ్బ) 15 శాతం, అంటే 33 కలిపితే 253. నెలకు సుమారు 21 భాగాలు.

అంటే ఈ ఆఫీసు ప్రతి నెలా ఒక కొత్త డెస్క్‌టాప్ ఖర్చులో ఐదో వంతు కన్నా కాస్త ఎక్కువ పక్కన పెట్టాలి. అంకె చూడగానే ఎక్కువనిపిస్తుంది. కానీ ఈ ఖర్చు ఇప్పుడూ అవుతూనే ఉంది. ఏ నెలలో మీద పడుతుందో తెలియకుండా అవుతోంది, అంతే తేడా.

ప్రింటర్‌ను నేను ఈ లెక్కలో పెట్టలేదు. దాని ఆయుష్షు ఏళ్ళ కన్నా తీసే పేజీల మీద ఎక్కువ ఆధారపడుతుంది. నెల పేజీల లెక్క తీసి మీరే ఒక వరుస చేర్చుకోండి.

## 7. ఇప్పటిదాకా ఏమీ దాచలేదు, ఎలా?

దాదాపు అందరి పరిస్థితీ ఇదే. పై ఆఫీసులోని ఆరు డెస్క్‌టాప్‌ల వయసులు 6, 5, 4, 4, 2, 1 ఏళ్ళనుకుందాం. ఒక్కోదానికి ఏడాదికి 20 చొప్పున దాచి ఉంటే, ఈపాటికి చేతిలో 420 ఉండాలి (100 + 100 + 80 + 80 + 40 + 20). ఉన్నది సున్నా.

ఆ 420 ఒకేసారి పోగుచేయనక్కర్లేదు. డెస్క్‌టాప్‌ల వాటాగా ఏటా వచ్చే 120తోనే ఇలా నడపొచ్చు:

- మొదటి ఏడాది: ఆరేళ్ళది మార్చాలి (100). నాలుగేళ్ళవి రెండింటికీ ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ వేయాలి (20).
- రెండో ఏడాది: ఇప్పుడు ఐదేళ్ళున్నది అప్పటికి ఆరేళ్ళదవుతుంది, దాన్ని మార్చాలి. 20 మిగులుతుంది.
- మూడో ఏడాది: అప్‌గ్రేడ్ చేసినవాటిలో ఒకటి. మిగులు 40.
- నాలుగో ఏడాది: రెండోది. అప్పటికి దానికి ఏడేళ్ళు కాబట్టి ముందే తేలిక పనికి పంపండి. మిగులు 60.
- ఐదు, ఆరు ఏళ్ళలో: మిగతా రెండూ, ఒక్కోటి చొప్పున.

ఏడాదికి ఒకటి. ఆయుష్షు ఐదేళ్ళ బదులు ఆరేళ్ళయింది, నిజమే, కానీ అప్పు లేకుండా గట్టెక్కారు. ఆరో ఏడాది చివరికి 100 మిగిలి ఉంటుంది, ఆపైన ఐదేళ్ళ చక్రంలోకి రావచ్చు.

ఇలా విడతలుగా మార్చమని ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నేను చూసుకున్న ఒక చిన్న ఆఫీసులో ఐదు కంప్యూటర్లూ ఒకే రోజు కొన్నారు. బేరం బాగా కుదిరింది. ఐదేళ్ళు దాటాక ఆరు నెలల్లో మూడింటి హార్డ్ డిస్కులు వరుసగా పోయాయి. రెండింటికి డబ్బు సర్దారు, మూడోదానికి చేతిలో ఏమీ లేక జీతాల తేదీని వారం వెనక్కి జరపాల్సి వచ్చింది. అక్కడ పనిచేసేవారి ముఖాలు నాకింకా గుర్తున్నాయి.

అన్నీ ఒకే ఏడాది కొన్నవైతే, గడువుకు రెండేళ్ళ ముందు నుంచే ఒక్కోటి మార్చడం మొదలుపెట్టండి.

## 8. డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎవరు ముట్టాలి

వేరే ఖాతా తెరవండి, లేదా కనీసం పుస్తకంలో వేరే పద్దు పెట్టండి. అన్నీ వచ్చిపోయే ఖాతాలో ఉన్న డబ్బు మిగలదు.

ఇక్కడొక అపోహ ఉంది. “మేం ఏటా తరుగుదల రాస్తున్నాం కదా” అంటారు. తరుగుదల పుస్తకంలో రాసే అంకె, దాంతో బ్యాంకులో డబ్బు చేరదు. రెండూ వేర్వేరు పనులు. కొనుగోలును ఖర్చుగా చూపాలా, ఆస్తిగా చూపాలా అన్నది మీ అకౌంటెంట్‌ని అడిగి, కొనే నెలను దాన్నిబట్టి నిర్ణయించుకోండి.

యజమానిని గానీ కమిటీని గానీ ఒప్పించాలంటే పెద్ద నివేదిక అక్కర్లేదు. ఒకే పేజీ ఇవ్వండి: ఈ ఏడాది మార్చేవి, వాటి మార్కులు, ఖర్చు, మార్చకపోతే ఏ పని ఆగుతుంది. చివరి గడి అన్నిటికన్నా ముఖ్యం.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

అన్నిటికన్నా చవకది కొనడం. మూడేళ్ళకే మార్చాల్సిన 80 భాగాల యంత్రం ఏడాదికి దాదాపు 27 పడుతుంది, ఐదేళ్ళు వచ్చే 100 భాగాలది 20. ఎప్పుడూ ఏడాది ఖర్చుతో పోల్చండి.

వారంటీ మాట తర్వాత చూద్దాం అనుకోవడం. పొడిగింపును సాధారణంగా మొదటి వారంటీ ముగియకముందే కొనాలి. మనిషి మీ దగ్గరికి వస్తాడా, యంత్రాన్ని మీరే మోసుకెళ్ళాలా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి మళ్ళీ అమ్మే) యంత్రానికి కొత్తదాని ఆయుష్షు రాయడం. అవి తీసుకోవచ్చు, నేనూ తీసుకున్నాను. కానీ లెక్కలో సగం ఆయుష్షే వేయండి. ప్రాసెసర్ తరం, లైసెన్స్, బ్యాటరీ స్థితి అడగకుండా డబ్బు ఇవ్వొద్దు.

వరసగా చేతులు మార్చడం. కొత్తది డిజైనర్‌కి, ఆయనది అకౌంటెంట్‌కి, ఆవిడది రిసెప్షన్‌కి ఇస్తే మూడు యంత్రాలు సర్దాలి. ఒక్కోదానికి సగం రోజు పోతుంది. ఒక్క మెట్టు చాలు, అంతకన్నా వద్దు.

ఒక్క స్పేర్ కూడా లేకపోవడం. మార్చినవాటిలో బాగున్నదాన్ని అప్‌డేట్ చేసి బీరువాలో పెట్టండి. పది మంది ఉన్న చోట ఇది బీమా లాంటిది.

## 10. మార్చే రోజు

నెల మొదటి, చివరి వారాలు వద్దు. తీరిక ఉన్న రోజు చూసుకోండి.

- [ ] పూర్తి బ్యాకప్ తీసి, అందులోంచి రెండు మూడు ఫైళ్ళు తెరిచి చూశారా?
- [ ] బ్రౌజర్ బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు, మెయిల్ ఫైళ్ళు, డిజిటల్ సంతకాలు తీసుకున్నారా?
- [ ] బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే రికవరీ కీ రాసి పెట్టారా?
- [ ] లైసెన్స్ ఉన్న సాఫ్ట్‌వేర్‌ను పాత యంత్రంలో డీయాక్టివేట్ చేశారా?
- [ ] కొత్తదాంట్లో ప్రింట్ తీసి, స్కాన్ చేసి, ఒక బిల్లు వేసి చూశారా?

నాలుగో గడిని ఎప్పుడూ వదలొద్దు. ఒకసారి అది మరిచి పాత యంత్రం డిస్క్ చెరిపేశాను. కొత్త లైసెన్స్ కోసం నాలుగు రోజులు ఆగాల్సి వచ్చింది, ఆ నాలుగు రోజులూ బిల్లులు చేత్తో రాశారు.

పాత యంత్రాన్ని కనీసం నెల రోజులు ముట్టుకోకుండా పక్కన ఉంచండి. మరిచిపోయిన ఫోల్డర్ ఒకటి ఎప్పుడూ బయటపడుతుంది.

## 11. పాతదాన్ని పంపించడం

ఫైళ్ళు డిలీట్ చేసినా, క్విక్ ఫార్మాట్ కొట్టినా డేటా తిరిగి తీయొచ్చు. మామూలు హార్డ్ డిస్క్ అయితే మొత్తం ఒకసారి తిరగరాయించండి. ఎస్‌ఎస్‌డీకి తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ (మొత్తం చెరిపే సాధనం) వాడండి, దానిమీద పదేపదే రాసినా అన్ని చోట్లకూ చేరదు. పనిచేయని డిస్క్‌ను విప్పి, మీ దగ్గరే ఉంచుకోండి లేదా పగలగొట్టించి పంపండి.

అమ్మితే వచ్చే డబ్బును బడ్జెట్‌లో ముందే లెక్క వేసుకోవద్దు. వచ్చాక అదే ఖాతాలో వేయండి. అమ్ముడుపోనివి, యూపీఎస్ బ్యాటరీలు మామూలు చెత్తలో వేయకూడదు. అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇచ్చి రసీదు తీసుకోండి.

ఆ రసీదు నంబరు షీట్‌లో రాసి, పాత వరుసను “తీసేసినవి” అనే పేజీకి మార్చి, కొత్త యంత్రానికి కొత్త నంబరు స్టిక్కర్ అంటించండి. వచ్చే ఏడాది ఇదే నెలలో ఆ షీట్ మళ్ళీ తెరవాలని క్యాలెండర్‌లో ఇప్పుడే పెట్టుకోండి.